రాత్రి పదింటికి పన్ను నొప్పి

రాత్రి తొమ్మిది దాటాక మా మెడికల్ షాపు మెట్లెక్కేవాళ్లలో ఎవరికి పన్ను నొప్పో దూరం నుంచే తెలిసిపోతుంది. చెంప మీద చెయ్యి ఉంటుంది. "చెల్లె, పన్ను బాగ గుంజుతాంది, ఏదన్న గోలి ఇయ్యి." పదకొండేళ్లుగా ఈ కౌంటర్ దగ్గర ఉంటున్నాను, ఈ మాట వినని వారం లేదు. పగలు పనిలో పడి ఓర్చుకున్న నొప్పి పడుకోగానే పెరుగుతుంది. తల వాలిస్తే పంటి లోపల రక్తం ఒత్తిడి ఎక్కువవుతుంది మరి.

మార్కెట్ యార్డులో హమాలీ పని చేసే ఒకాయన పోయిన ఎండాకాలం వరుసగా మూడు రాత్రులు వచ్చాడు. ఎడమవైపు కింది దవడలో చివరి పన్ను. లవంగ నూనె అయింది, జర్దా అదిమి పెట్టడం అయింది. ప్రైవేట్ క్లినిక్‌లో పన్ను లోపల శుభ్రం చేసి నింపే రూట్ కెనాల్, పైన తొడిగే క్యాప్ కలిపి ఏడు వేలన్నారట. పీకితే చాలంటే ఎనిమిది వందలు. ఆయన జేబులో మూడు వందలున్నాయి. సర్కారు దవాఖానకు రాత్రి పోతే సూది వేసి, పళ్ల డాక్టర్ పొద్దున ఉంటారన్నారు. పొద్దున పోతే కుర్చీ రిపేర్‌లో ఉంది. కూలి పోయింది, పన్ను మాత్రం అలాగే ఉంది.

మూడో రాత్రి యాంటీబయాటిక్ అడిగాడు. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వనన్నాను. వాడినా దానితో పన్ను బాగుకాదు. పుచ్చు లోపలి నరం దాకా పోయి అది చచ్చిపోయాక అక్కడికి రక్తమే అందదు, మందు ఎలా చేరుతుంది? రూట్ కెనాల్ చెయ్యాలి, లేదంటే పన్ను తీసెయ్యాలి. ఆ సంగతి చెప్పి, నొప్పి గోలీలిచ్చి పంపాను. అవి చాలవని నాకు తెలుసు. కానీ ఆ వేళప్పుడు ఎక్కడికి పొమ్మనను?

నాలుగో రాత్రి ఆయన భార్య పరుగెత్తుకొచ్చింది. "అక్కా, నోరు తెరుస్తలేడు, ఉమ్మి గూడ మింగుతలేడు." షట్టర్ సగం దించి ఆమె వెంట వెళ్లాను. గడ్డం కింద రాయిలా వాచిపోయింది, ఒళ్లు కాలిపోతోంది. 108కి ఫోన్ చేశాం. నాలుక కింద పట్టిన ఆ వాపు గొంతు దాకా పోతే ఊపిరి ఆడదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా తొందరగా పాకుతుంది. ఆయనకు షుగర్ ఉందని ఆ రాత్రి పరీక్షలోనే బయటపడింది. హైదరాబాద్‌లో పెద్దాసుపత్రిలో కోసి చీము తీశారు, పన్నూ తీశారు. తొమ్మిది రోజులున్నాడు. బతికాడు.

వాళ్లింట్లో ఆరోగ్యశ్రీ కార్డుంది. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణలో 10 లక్షలకు పెంచారు. దానితో గుండె ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు నాకు తెలుసు, ఆ మేలు మరువలేను. కానీ పుచ్చు పన్ను తీసే పావుగంట పనికి ఆ కార్డు అక్కరకు రాదు. కాలు విరిగితే రాత్రి రెండింటికైనా క్యాజువాలిటీలో చూస్తారు, పన్నుకైతే మధ్యాహ్నం దాకా ఉండే ఓపీ ఒక్కటే. రోజు కూలీకి అదే పని వేళ. ప్రతి ఏరియా ఆస్పత్రిలో సాయంత్రం రెండు గంటలు పళ్ల డాక్టర్ కూర్చుంటే ఎంతమంది రాత్రులు తెల్లవారతాయో నా కౌంటర్ చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు అద్దానికి ఒక కాయితం అంటించాను. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి దగ్గరే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉందని, పొద్దున్నే పోయి చీటీ రాయించుకోవాలని రాశాను. ప్రైవేట్ డెంటల్ కాలేజీల్లోనూ బయటి క్లినిక్ కంటే చాలా తక్కువకే చూస్తారు. అక్కడ చదువుకునే పిల్లలు చేస్తారని భయపడక్కర్లేదు, పక్కన సార్లు ఉంటారు. నొప్పి ఉన్నచోట ఆస్పిరిన్ అదిమి పెట్టొద్దనీ రాశాను, అలా చేసి చిగుళ్లు కాల్చుకుని వచ్చినవాళ్లను చూశాను. కింద ఎర్ర సిరాతో: ముఖం వాచి జ్వరమొచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

పోయిన వారం ఆ హమాలీ అన్న వచ్చి కాయితం చదివించుకున్నాడు. "ఇసొంటిదే మా యార్డుల గూడ పెడత, రాసియ్యి చెల్లె" అన్నాడు. చార్ట్ తెప్పించి పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.