నేనే రాసిన ఆ ఒక్క లైను

రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. నేను రాస్తున్న విండోస్ ప్రోగ్రామ్‌లో బటన్ నొక్కితే చాలు, విండో బిగుసుకుపోతోంది. 5 సెకన్లు మెసేజ్‌లు అందుకోకపోతే విండోస్ 'నాట్ రెస్పాండింగ్' అని తగిలించేస్తుంది కదా, అదే. ఫైల్ చదివే పనిని వేరే థ్రెడ్‌లో (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పనుల వరసలో) పడేశాను. ఈసారి అందులోంచి తెర మీది లేబుల్ మార్చబోతే ఎక్సెప్షన్, అంటే ఎర్రర్: కంట్రోల్‌ని (లేబుల్, బటన్ లాంటివాటిని) సృష్టించిన థ్రెడ్డే దాన్ని ముట్టుకోవాలట. ఆ మార్పును సొంత థ్రెడ్‌కే అప్పగించే ఇన్వోక్ పెడితే దారికొచ్చింది.

ఒక్క స్క్రీన్ మాత్రం కదలదు. ఎర్రర్ లేదు, సీపీయూ సున్నా. తప్పులు వెతికే డీబగ్గర్‌లో పాజ్ చేసి, కోడ్ ఎక్కడ ఆగిందో చెప్పే కాల్ స్టాక్ చూస్తే, ఎప్పుడో నేనే రాసిన '.రిజల్ట్', ఫలితం వచ్చేదాకా థ్రెడ్‌ని అక్కడే ఆపేసేది! తెరను నడిపే యూఐ థ్రెడ్ టాస్క్ (అప్పగించిన పని) కోసం కాచుకుని కూర్చుంది. ఆ టాస్క్‌లో అవెయిట్ (థ్రెడ్‌ని ఆపకుండా ఫలితం కోసం ఆగే మాట) తర్వాతి లైనేమో యూఐ థ్రెడ్ ఖాళీ అయితే గానీ నడవదు. మీరు ముందంటే మీరు ముందని గుమ్మం దగ్గరే ఆగిపోయిన ఇద్దరిలా.

ఆ '.రిజల్ట్' ఉన్న హ్యాండ్లర్‌ని అవెయిట్ వాడగలిగేలా అసింక్ చేసి, అక్కడ అవెయిట్ పెట్టాను. మార్పును భద్రపరిచేటప్పుడు రాసే కమిట్ మెసేజ్‌లో ఏం రాయాలో తోచక ఇంకో పావుగంట పోయింది.