ముఖం చూపని తోబుట్టువులు: ది నైఫ్

నల్లగొండలో మా మిత్రుల మధ్య పాటల ముచ్చట మొదలైతే సినిమా పాటలు, జానపదాలు దాటి పోవడం అరుదు. పానగల్ చెరువు కట్ట మీద సాయంత్రం నడకలో నేను వినే ఒక స్వీడన్ ఎలక్ట్రానిక్ సంగీత జోడీని వారికి పరిచయం చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

గోథెన్‌బర్గ్‌లో 1999లో కారిన్ డ్రేయర్, ఓలోఫ్ డ్రేయర్ అనే తోబుట్టువులు ‘ది నైఫ్’ను ప్రారంభించారు. పెద్ద కంపెనీల గడప తొక్కకుండా రాబిడ్ రికార్డ్స్ అనే సొంత సంస్థను పెట్టుకుని, 2001లో తొలి ఆల్బమ్‌ను, 2003లో ‘డీప్ కట్స్’ను వెలువరించారు. అందులోని ‘హార్ట్‌బీట్స్’ పాటను హోసే గొంజాలెస్ అనే స్వీడన్ గాయకుడు గిటారు మీద నెమ్మదిగా పాడగా, శాన్ ఫ్రాన్సిస్కో ఏటవాలు వీధుల్లో వేలాది రంగు బంతులు ఎగిరిపడే సోనీ టీవీ ప్రకటనలో 2005లో ఆ రూపమే వినిపించింది. పాట లోకమంతా తెలిసింది కానీ, కట్టినవారు చాలామందికి తెలియలేదు. వారు కోరుకున్నదీ దాదాపు అదేనని నా నమ్మకం.

స్వీడన్ సంగీత పురస్కారమైన గ్రామిస్ వచ్చినప్పుడు సంగీత రంగంలో మగవారి ఆధిపత్యానికి నిరసనగా తాము వెళ్లకుండా, ‘50/50’ అని రాసిన గొరిల్లా వేషాలలో ఇద్దరిని పంపారు. ఫోటోలకు పక్షి ముక్కుల ముసుగులు ధరించారు.

2006లో వచ్చిన ‘సైలెంట్ షౌట్’ వారి శిఖరం. మొదటి పాటలో లోతైన దరువు మీద సింథసైజర్ స్వరాలు అలలుగా ఎక్కుతూ దిగుతూ ఉండగా, కారిన్ గొంతునే యంత్రంతో కిందికి దించి అసలు గొంతు పక్కన నిలబెట్టారు. పాడుతున్నది ఆడా మగా, ఒకరా ఇద్దరా అన్నది తేలదు. మల్లన్న కథలో ఒగ్గు కథకుడు ఒక్క క్షణంలో మల్లన్నగా, మరుక్షణం మేడలమ్మగా మారే నేర్పు నాకు ఇందులో వినిపిస్తుంది. ఆ ఆల్బమ్‌కు ఆరు గ్రామిస్‌లు వచ్చాయి.

డార్విన్ మీద కట్టిన ఒపెరా సంగీతాన్ని 2010లో ఆల్బమ్‌గా తెచ్చారు. అది నాకు అంతగా పట్టలేదు. 2013 నాటి ‘షేకింగ్ ద హ్యాబిచువల్’లో మాత్రం పంతొమ్మిది నిమిషాల పాటను కూడా ధైర్యంగా పెట్టారు. పేరు బాగా నడుస్తున్న 2014లోనే, కొనసాగించాలన్న బాధ్యత తమ మీద లేదంటూ బృందాన్ని ముగించారు. కారిన్ ‘ఫీవర్ రే’ పేరుతో 2023లో తెచ్చిన ఆల్బమ్‌లో ఓలోఫ్ మళ్లీ చేయి కలిపారు. కొత్తగా వినేవారు ‘సైలెంట్ షౌట్’తో మొదలుపెట్టి, ఆ తర్వాత ‘డీప్ కట్స్’కు వెళ్లడం మేలు.