తెగవలసిన బోల్టు

ట్రాక్టరుకు తగిలించి గడ్డి కోసే మా స్లాషర్ షాఫ్టుకు మా మరిది బిగించిన కొత్త బోల్టును సాయంత్రం చూసినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. దాని తల మీద 8.8 అని ఉంది. అక్కడ ఉండవలసినది 4.6. “వదినా, ఇది జన్మలో తెగదని దుకాణంవాడు మాట ఇచ్చాడు” అని అతను సంబరంగా చెబుతుంటే, గట్టి దెబ్బకు తాను తెగి మిగతా యంత్రాన్ని కాపాడడం కోసమే పెట్టే బోల్టు తెగకపోతే దానితో పనేమిటని అడిగాను. మా ఆయన ఎప్పటిలాగే ఎవరి పక్షమూ తీసుకోకుండా స్నానానికి వెళ్ళిపోయారు.

పోనీ, గట్టి బోల్టు వేసి ఊరుకున్నారా అంటే అదీ కాదు. పాత 8 మిల్లీమీటర్ల రంధ్రం కోలగా అరిగిపోయిందని, ఆ దుకాణంలోనే దానిని 10కి తొలిపించి తెచ్చారు. బోల్టు తల మీది మొదటి అంకె లోహపు బలాన్ని తెలుపుతుంది: 4 అంటే 400 మెగాపాస్కల్‌లు, 8 అంటే 800. అంటే బలం అక్కడే రెట్టింపయింది. మందం 8 నుంచి 10కి పెరిగితే తెగవలసిన కోత వైశాల్యం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. రెండూ కలిపి చూస్తే, మునుపటికి మూడింతల దెబ్బ తగిలితే గాని ఈ బోల్టు తెగదు. అంత దెబ్బకు దాని కంటే ముందు విరిగేది షాఫ్టు కీలులోని క్రాసా, గేరుబాక్సులోకి వెళ్ళే ఇరుసా, లేక ట్రాక్టరు వెనుక ఉండి ఇంజను బలాన్ని స్లాషర్‌కు అందించే పి.టి.ఓ. షాఫ్టేనా అన్నది ఎవరూ ఆలోచించలేదు. అది అమ్మినవాడు ఆలోచించవలసిన అవసరం లేదు, విరిగిన సామాను కొనడానికి కూడా మళ్ళీ అతని దగ్గరికే వెళతాము కదా.

మా తోటలో దెబ్బ తగలదని అనుకోవడానికి లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఒడిశాలోని మా గజపతి జిల్లా మీదుగా వెళ్ళినప్పుడు విరిగిన జీడి చెట్లను రంపంతో కోయించాము గాని, మొదళ్ళు నేలలోనే ఉండిపోయాయి. వానలు వెళ్ళేసరికి గడ్డి నడుము ఎత్తు పెరిగి అవి కనబడవు. వేసవిలో గింజ రాలేలోగా చెట్ల కింద నేల శుభ్రం కావాలి కాబట్టి స్లాషర్ తిప్పక తప్పదు. బ్లేడు కీలు మీద వేలాడుతూ, గట్టిది తగిలితే వెనక్కి మడుచుకుంటుంది కాబట్టి చిన్న దెబ్బలు అక్కడే తీరిపోతాయి. మొదలుకు నేరుగా తగిలిన దెబ్బ మాత్రం షాఫ్టు దాకా వస్తుంది.

అందుకే స్లిప్ క్లచ్ కొందామని భోజనాల దగ్గర చెప్పాను. రాపిడి పళ్ళాలను స్ప్రింగులతో నొక్కిపెట్టి ఉంచే ఆ క్లచ్, బరువు మితిమీరిన క్షణంలో జారి, అడ్డు తొలగగానే మళ్ళీ పట్టుకుంటుంది. దిగి గడ్డిలో కూర్చుని బోల్టు మార్చే పని ఉండదు. పి.టి.ఓ. దగ్గర 30 కిలోవాట్లు ఇచ్చే ట్రాక్టరు నిమిషానికి 540 చుట్ల వేగంలో ఇచ్చే మెలిక బలం సుమారు 530 న్యూటన్ మీటర్లు. బ్లేడ్లను తిప్పే బరువైన రోటరు కదలడానికి ఇంకా ఎక్కువ కావాలి కాబట్టి, క్లచ్ జారే హద్దును అంతకు పైన, గేరుబాక్సు ఓర్చుకునే దానికి లోపల పెట్టాలి. దీనికి మా ఆయన “ఆ దుకాణంలో క్లచ్ ఉందన్నాడు” అన్నారు. ఆరా తీస్తే అది ఒకవైపే పట్టే క్లచ్, పి.టి.ఓ. ఆపిన తరువాత తిరుగుతున్న రోటరు ట్రాక్టరును ముందుకు తోయకుండా చూసేది. అదీ అవసరమే, కాని మొదలు తగిలినప్పుడు అది చేసేది ఏమీ లేదు. రెండింటినీ ఒకటే అని అమ్మేవాడితో వాదించే ఓపిక నాకు లేదు.

ఇది రాస్తుండగా నాన్నగారి చెరకు గానుగ గుర్తుకు వచ్చి ఇందాకటి పట్టుదల సడలింది. ఆయిల్ ఇంజనుకూ గానుగకూ మధ్య గుడ్డ బెల్టు ఉండేది. గడలు ఎక్కువ తోస్తే బెల్టు జారేది, ఒక్కోసారి ఎగిరి పక్కన పడేది. పనివాళ్ళు తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కించేవారు. బెల్లం వండే రోజుల్లో ఆ ఆలస్యాన్ని ఎవరూ సహించేవారు కాదు. ఒకసారి ఎవరో బెల్టు లోపలి వైపున గుగ్గిలం పొడి దండిగా చల్లారు. అది అద్భుతంగా పట్టుకుంది, ఆ పూట పని పరుగులు తీసింది. మరునాడు గడల కట్టతో పాటు తాడు ముడి కూడా లోపలికి వెళ్ళింది. బెల్టు జారలేదు, గానుగ పళ్ళ చక్రం విరిగింది. మా పెదనాన్న విరిగిన పన్నును అరచేతిలో పెట్టుకుని కాశీనగరం సంతకు వచ్చిన వాళ్ళందరికీ చూపించడం, నాన్నగారు ఆయనతో పండుగ దాకా మాట్లాడకపోవడం, పెనం మీద సగం కాగిన రసం పులిసి పారబోయడం నాకు బాగా జ్ఞాపకం. బెల్టు జారడం తెగులు కాదని, కాపుదల అని అప్పుడు ఇంట్లో ఒక్కరైనా అన్నట్టు గుర్తు లేదు.

బెల్టుకు గుగ్గిలం చల్లిన ఇల్లు క్లచ్‌ను మాత్రం ఊరికే వదులుతుందా? జారి పొగ వచ్చిందంటే స్ప్రింగు నట్లను ఆఖరి మర దాకా బిగిస్తారు. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకున్నాక అది క్లచ్ కాదు, ఇనుప ముద్ద. అంతకన్నా నా భయం మా షెడ్డు గురించి. జూన్ నుంచి అక్టోబరు దాకా తేమలో ఉన్న పళ్ళాలు తుప్పుతో అతుక్కుంటాయి. ఏటా పని మొదలుపెట్టే ముందు స్ప్రింగు పొడవు కొలిచి, నట్లు వదులు చేసి, పళ్ళాల అంచున అడ్డంగా సుద్దగీత గీసి, రెండు మూడు క్షణాలు తిప్పి, గీత చెదిరిందో లేదో చూసి, మళ్ళీ పాత కొలతకు బిగించాలి. ఇది ఎవరు చేస్తారు? నా మరిదా? అతుక్కున్న క్లచ్ పైకి చక్కగానే కనిపిస్తుంది. బోల్టు అబద్ధం ఆడదు, దాని తల మీదే అంతా రాసి ఉంటుంది. నేనైనా కళ్ళద్దాలు పెట్టుకుని చదవగలను.

కాబట్టి బోల్టే ఉండనీ. కాని 10 మిల్లీమీటర్ల రంధ్రంలో 8 బోల్టు వదులై ఆడితే ఊరికే తెగుతుంది కనుక, పర్లాకిమిడి నుంచి కొత్త యోక్, అంటే ఆ రంధ్రం ఉండే షాఫ్టు కొస ముక్క, తెప్పించాలి. యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పిన కొలత, చెప్పిన గ్రేడు బోల్టులు ఒక డబ్బా కొని స్లాషర్‌కే కట్టాలి. మార్చేటప్పుడు ఇంజను ఆపి, తాళంచెవి తీసి, రోటరు పూర్తిగా ఆగేదాకా దగ్గరికి వెళ్ళకూడదని ఆ డబ్బా మీదే రాస్తాను. క్లచ్ కోసం అనుకున్న డబ్బుతో జేసీబీని పిలిపించి మొదళ్ళు తీయిస్తే దెబ్బలే తగ్గుతాయి. చిగుళ్ళు వేసిన వాటిని తవ్వడానికి మా అత్తగారు ఒప్పుకోరు. వాటి పక్కన గడ్డి కంటే ఎత్తుగా కర్రలు పాతి, కొసలకు సున్నం పూయించాలి.