చిన్నపిల్లలతో ఆదివారం ఆరాధన: మా ఇంట్లో కుదిరిన పద్ధతి

మా సంఘంలో సండే స్కూలు ఎనిమిదిన్నరకు, ఆరాధన పదింటికి. ముగిసేసరికి పన్నెండున్నర అవుతుంది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) ఉంటుంది కాబట్టి ఒంటిగంట. మా పాపకు ఆరేళ్లు, బాబుకు రెండున్నరేళ్లు. ఇద్దరం ఉద్యోగస్తులం, పైగా ఆయనది షిఫ్టు డ్యూటీ. విజయనగరంలో ఈ చివర మా ఇల్లు, ఆ చివర చర్చి. పిల్లల్ని ఏడిపించకుండా, మేం విసుక్కోకుండా, వాక్యం కూడా చెవిన పడేలా ఆదివారం ఎలా గడుస్తుందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మాలాంటి ఇళ్లకు పనికొస్తుంది.

అన్నిటికంటే ముందు రాత్రి ప్రార్థన గురించి చెప్పాలి. వారంలో రోజూ పది నిమిషాలు కూర్చోవడం అలవాటు లేని పిల్ల, ఆదివారం ఒక్కసారిగా రెండున్నర గంటలు కూర్చోదు. మా ఇంట్లో ప్రార్థన ఏడున్నరకు, అన్నాలకు ముందు. అన్నం తిన్నాక పెట్టుకుంటే బాబు నిద్రకు పడతాడు, పాప ఆవలిస్తుంది. ఆయన డ్యూటీలో ఉంటే ఆయన కోసం ఆగం. ఇంట్లో ఎవరుంటే వాళ్లతోనే మొదలుపెడతాం. ఆగడం మొదలైతే వారంలో సగం రోజులు ప్రార్థనే ఉండదు. టీవీ ఐదు నిమిషాల ముందే కట్టేస్తాం, సరిగ్గా ఆ నిమిషానికి కట్టేస్తే ఏడుపుతోనే ప్రార్థన మొదలవుతుంది.

వరస ఎప్పుడూ ఒకటే: ఒక పాటలో పల్లవి, ఒక చరణం, ఒక చిన్న కథ, వారం వాక్యం, చివర అందరూ ఒక్కో మాట ప్రార్థన. కథలకు మార్కు సువార్త బాగా కుదురుతుంది. పదహారే అధ్యాయాలు, సంఘటనలు పొట్టివి. నాలుగో అధ్యాయం చివర తుపాను అణచిన సంగతి ఏడు వచనాలు, పదో అధ్యాయం చివర బర్తిమయి సంగతి కూడా ఏడే. లూకా 19లో జక్కయ్య పది వచనాలు. మేడిచెట్టు ఎలా ఉంటుందో చూపిస్తే పిల్లలకు ఆ కథ వదలదు. ముందు బైబిలులో ఉన్నది ఉన్నట్టు చదివి, వెంటనే ఇంటి మాటల్లో చెబుతాం. చదవకుండా కథ మాత్రమే చెబితే, చర్చిలో వాక్యం చదివేటప్పుడు ఆ భాష పిల్లలకు కొత్తగా తోచి మనసు పక్కకు పోతుంది. ప్రార్థనలో బాబు "యేసయ్యా, మామ్మ కాలు నొప్పి తగ్గించు" అంటే అంతే చాలు, దాన్ని పొడిగించమని అడగం.

కంఠత వాక్యం వారానికి ఒక్కటే. చిన్నవాడికి "దేవుడు ప్రేమాస్వరూపి" లాంటి రెండు మాటలది, పెద్దదానికి "యెహోవా నా కాపరి" అంత నిడివిది. సోమ, మంగళవారాల్లో సగం, బుధ, గురువారాల్లో మిగతా సగం, శుక్రవారం మొత్తం. శనివారం రాత్రి కొత్తది నేర్పడం మొదలుపెడితే పొద్దున్న సండే స్కూల్లో టీచరు ముందు తడబడి, మళ్లీ వారం చెప్పనని మొండికేస్తారు.

ఇక శనివారం. ఆదివారం పనిలో ముప్పాతిక శనివారం సాయంత్రానికే అయిపోవాలి. బట్టల ఇస్త్రీ ఆరింటికల్లా చేసేస్తాను. పొద్దున్నకు పెట్టుకుంటే, సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందంటే అందరం ఆగిపోవాలి. ఆడపిల్లల నెట్ గౌన్ల విషయం తల్లులందరికీ చెబుతాను: చంకల దగ్గర, నడుం దగ్గర నెట్ గుచ్చుకుంటుంది, పిల్ల గంటసేపు ఓర్చుకుని ప్రసంగం మధ్యలో ఏడుస్తుంది. ఎందుకేడుస్తుందో చెప్పలేదు కూడా. లోపల నూలు లైనింగు కుట్టించండి, లేదా లోపల చేతుల బనియన్ వేయండి. చెప్పులు పట్టీ అంటించేవే కొనండి. చర్చి గుమ్మం దగ్గర విప్పాలి, సండే స్కూలు అయ్యాక తొడగాలి, మళ్లీ విప్పాలి. లేసులు కట్టే బూట్లతో ఇది కుదరదు. విప్పినవి గుమ్మం దగ్గర వదలకుండా ఒక గుడ్డసంచిలో వేసి లోపలికి తీసుకెళ్తాం. ఒకే రకం, ఒకే సైజు చెప్పులు పది జతలుండే చోట తారుమారు కావడం మామూలే.

కానుక నాణేలు కూడా శనివారమే తీసి, ఇద్దరి పేరున వేరువేరు చిన్న కవర్లలో పెడతాం. చర్చిలో పర్సు వెతుకుతుంటే కానుకల సంచి కాస్తా ముందుకెళ్లిపోతుంది, పిల్లవాడు దాని వెనక పరుగెడతాడు.

ఫలహారానికి ఇడ్లీ. గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. గుళ్లు మధ్యాహ్నం నానబెట్టి నాలుగు గంటల తర్వాత రుబ్బుతాను. ఏప్రిల్, మే నెలల్లో పిండి అర్ధరాత్రికే పొంగి తెల్లారేసరికి పులిసిపోతుంది కాబట్టి పడుకునే ముందు ఫ్రిజ్‌లో పెట్టాలి. డిసెంబరు, జనవరి చలికి పన్నెండు గంటలైనా పట్టొచ్చు, అప్పుడు నాలుగింటికల్లా రుబ్బేసి పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాలి. బాబుకు చోడిజావ (రాగిజావ) ఇష్టం. రెండు చెంచాల చోడిపిండి చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే గ్లాసున్నర నీళ్లలో పోసి, అడుగంటకుండా తిప్పుతూ ఆరేడు నిమిషాలు ఉడికిస్తే సరి. ఆదివారం మాత్రం జావ ఆరున్నరకే ఇచ్చేయాలి. ఏడున్నరకు ఇస్తే రెండు పాటలు అయ్యేలోపు పాసుకు వెళ్లాలంటాడు. బయల్దేరే ముందు పెట్టాల్సింది ఇడ్లీ.

మధ్యాహ్నం కోడికూర వండే ఇళ్లు చాలా ఉన్నాయి కదా. కిలో కోడిమాంసానికి రెండు చెంచాల ఉప్పు, అరచెంచా పసుపు, రెండు పెద్ద చెంచాల అల్లంవెల్లుల్లి ముద్ద, అరకప్పు పెరుగు పట్టించి శనివారం రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలో మూతపెట్టి ఉంచుతాను. నాలుగు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి వేరే డబ్బాలో పెడతాను. ఇంటికొచ్చాక కూర ఉడకడానికి అరగంట చాలు. పొద్దున్నే వండి పొయ్యి మీద వదిలేసి వెళ్లడం మంచిది కాదు. మన ఎండలకు వండిన మాంసం రెండు గంటలు దాటి బయట ఉంటే చెడిపోవడం మొదలవుతుంది, మనం తిరిగొచ్చేసరికి నాలుగైదు గంటలవుతుంది. బియ్యం కూడా కడిగి నానబెట్టి వెళ్తే వేసవిలో పుల్లటి వాసన వస్తుంది. కొలిచి పొడిగా ఉంచి, రాగానే కడిగి కుక్కర్ పెట్టుకోవాలి. మనం లేనప్పుడు కరెంటు పోయినా, తలుపు తీయని ఫ్రిజ్ నాలుగు గంటలపాటు చల్లదనం నిలుపుతుంది. ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ సంగతి చెప్పి వెళ్లాలి.

బండి మీద నలుగురం ఎక్కం. స్కూటరు మీద నడిపేవాళ్లు కాక ఇంకొక్కరికే చట్టం ఒప్పుకుంటుంది. నాలుగేళ్లలోపు పిల్లల్ని ఎక్కిస్తే, పిల్లను నడిపేవాళ్లతో కలిపి కట్టే భద్రతా బెల్టు ఉండాలి, తొమ్మిది నెలలు దాటినవాళ్లకు సరిపడే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. నాలుగు దాటిన పిల్లలకు హెల్మెట్ ఎలాగూ తప్పనిసరి. అందుకని మేం శనివారం సాయంత్రమే తెలిసిన ఆటో అన్నకు ఫోన్ చేసి ఏడు నలభైఐదుకు రమ్మంటాం. వాన రోజుల్లో ఇంకో పావుగంట ముందు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం ఉందంటే ఉత్సాహంగా బయల్దేరిపోకుండా సండే స్కూలు ఉందో లేదో ముందు కనుక్కోవాలి.

చర్చిసంచిలో ఏం పెట్టాలన్నది పెద్ద విషయమే. అర లీటరు నీళ్ల సీసాలు రెండు. బాబుకు రెండు జతల బట్టలు, పాపకు ఒక జత. ఒక పాత తువ్వాలు, తడిబట్టలకు గట్టి ప్లాస్టిక్ కవరు. తినడానికి అరటిపండు, ప్యాకెట్ నుంచి ముందే తీసి మెత్తటి డబ్బాలో పోసిన బిస్కట్లు, మరమరాలు. చిప్స్ ప్యాకెట్ చప్పుడు ప్రసంగంలో నాలుగు వరసలకు వినిపిస్తుంది. స్టీలు డబ్బా మూత కింద పడితే చెప్పనక్కర్లేదు. నాలుగేళ్లలోపు పిల్లలకు పల్లీలు, పల్లీ అచ్చులు వద్దు, గొంతుకు అడ్డుపడతాయి. ద్రాక్ష పెడితే నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. బొమ్మలు వేసుకోవడానికి సన్న పుస్తకం, మూడు పలకల రంగు పెన్సిళ్లు నాలుగు. గుండ్రటివి దొర్లి పక్కవాళ్ల చాప కిందకు పోతాయి.

ఫోను ఇవ్వం. ఒకరి చేతిలో ఫోను కనిపించిందా, చుట్టూ ఉన్న పిల్లలందరూ అక్కడికే చేరతారు. పైగా ఒక్క వారం ఇచ్చిన ఫోను, తర్వాత వారాల్లో లేకపోతే కూర్చోనంటారు. ఇందులో నేను ఖచ్చితంగా ఉంటాను.

కూర్చునే చోటు చాలామంది అన్నిటికంటే వెనక ఎంచుకుంటారు. అది పిల్లలకు కష్టం, వాళ్లకు అక్కడి నుంచి వీపులే కనిపిస్తాయి. మేం పక్క తలుపు దగ్గర, మూడో నాలుగో వరసలో, గోడ వారగా కూర్చుంటాం. పాడేవాళ్లు, డోలక్ వాయించేవాళ్లు కనిపిస్తే బాబు పాటల సమయమంతా కదలడు. అయితే సౌండు బాక్సు ఆ పక్కనే ఉంటే అవతలి గోడకు మారతాం. పెద్ద శబ్దం దగ్గరైతే చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు, చెవులకూ మంచిది కాదు. మా సంఘంలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. పాటలు, ఆరాధన అయ్యేదాకా బాబు నా దగ్గర, వాక్యం మొదలవగానే వాళ్ల నాన్న దగ్గర. ఈ మార్పు ముందే అనుకుని ఉండాలి. అప్పటికప్పుడు సైగలు చేసుకుంటుంటే పిల్లవాడు అటూ ఇటూ నడవడం మొదలుపెడతాడు.

పది కావడానికి పది నిమిషాల ముందు ఇద్దరినీ బాత్రూముకు తీసుకెళ్లాలి, వద్దన్నా సరే. పదకొండుకు పావు తక్కువకు, వాక్యానికి ముందు వచ్చే పాటలో, అరటిపండు, నీళ్లు. దాంతో బాబు పదకొండున్నరకు ఒళ్లో నిద్రపోతాడు. ఆకలితో ఉంటే నిద్రా రాదు, ఊరుకోడూ. పాపకు ప్రసంగంలో ఒక పని చెబుతాను: అయ్యగారు (మా పాస్టరు) "విశ్వాసం" అన్నప్పుడల్లా పుస్తకంలో ఒక గీత గీయాలి. ఆ వారం వాక్యాన్నిబట్టి మాట మారుతుంది. ఇంటికొచ్చాక గీతలు లెక్కపెట్టి, ఆ మాట ఏ కథలో వచ్చిందో అడుగుతాం. ఏడుస్తున్న పిల్లను బయటకు తీసుకెళ్లాల్సి వస్తే వరండాలో, ప్రసంగం వినిపించేచోటే నిలబడాలి. ఆడుకోనివ్వకూడదు, కొనిపెట్టకూడదు. ఏడుపు తగ్గగానే లోపలికి తేవాలి. బయట ఆట దొరుకుతుందని తెలిస్తే మరుసటి వారం పాట అవకుండానే ఏడుపు మొదలవుతుంది.

బల్ల ఆదివారం ఇంకొక్క జాగ్రత్త. మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లే రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. పళ్లెం ముందుకు వచ్చాక "నీకు కాదు" అంటే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. శనివారం రాత్రి ప్రార్థనలోనే, అది ఏమిటో, ఎందుకు తీసుకుంటామో, తనంతట తాను యేసయ్యను నమ్ముకుని నిర్ణయం తీసుకున్న రోజున తనూ తీసుకుంటుందని చెబుతాం. ఆ వారం బిస్కట్లు మరో గుప్పెడు ఎక్కువ పెడతాను, అరగంట అదనం కాబట్టి.

ఇంటికొచ్చి తిన్నాక అందరం పడుకుంటాం. సాయంత్రం బంధువులో, ప్రార్థనకు అయ్యగారో, అమ్మగారో వస్తుంటారు కాబట్టి పాప హోంవర్కు శనివారం మధ్యాహ్నానికే పూర్తి చేయించాలి.

డిసెంబరులో ఈ లెక్కంతా మారుతుంది. సాయంత్రాలు పిల్లల కార్యక్రమానికి ప్రాక్టీసు, రాత్రుళ్లు ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్. ప్రాక్టీసుకు వెళ్లే రోజు రాత్రి ప్రార్థన ఏడున్నరకు కాక, బయల్దేరే ముందు ఆరింటికి పెట్టుకుంటాం. క్యారల్స్‌కు పిల్లల్ని మా వీధిలో, పక్క వీధిలో ఇళ్ల వరకే పంపుతాం. తర్వాత ఇళ్లకు ఆయనో నేనో ఒకరమే వెళ్తాం. చలిగాలికి తలకు టోపీ, చెవులు కప్పేలా. 31 రాత్రి కొత్త సంవత్సరం వచ్చేదాకా జరిగే వాచ్‌నైట్ ఆరాధనకూ, జనవరి 1 ఉదయం ఆరాధనకూ రెండింటికీ చిన్నపిల్లల్ని తీసుకెళ్తే ఉదయం ఇద్దరూ కూర్చోలేరు. రాత్రికి మాలో ఒకరు వెళ్తారు, పిల్లల్ని ఉదయానికే తీసుకెళ్తాం.