వాయిదాల పట్టిక చదివిన రాత్రి

మూడు పడక గదుల ఇల్లు చూసి వచ్చిన రాత్రి, బ్యాంకు ఇచ్చిన వాయిదాల పట్టికను పెన్సిల్ పట్టుకుని మొదటిసారి వరుసగా చదివాను. వడ్డీ 9 శాతం దగ్గరే నిలకడగా ఉండి, గడువు 20 ఏళ్లయితే, అప్పుగా తీసుకున్న ప్రతి 100 రూపాయలకూ చివరికి దాదాపు 216 రూపాయలు కట్టాలి. మొదటి నెల వాయిదాలో సుమారు ఆరింట ఐదు వంతులు వడ్డీకే పోతాయి, అసలు తరిగేది మిగిలిన ఆ ఒక్క వంతే. మేము ఎంత కట్టగలమో బ్యాంకు తేల్చిన లెక్క మా జీతాలను చూసి వేసినదే తప్ప, అమ్మ మందులనూ, ఉద్యోగం ఊగిసలాడే నెలలనూ చూసి వేసినది కాదు.

చివరికి చిన్న ఇల్లే తీసుకున్నాము. వంటగదిలో ఇద్దరం ఉంటే, ఒకరు పక్కకు తప్పుకుంటే గాని అల్మారా తలుపు తెరుచుకోదు. చూడవచ్చిన బంధువుల ముఖాల్లోని "ఇంతేనా" అన్న భావం కొన్నాళ్లు గుచ్చుకున్న మాట నిజమే (ఆ పెద్ద ఇంటి వరండా మీద నాకూ మనసు పోకపోలేదు). అయితే పోయిన నెల నీళ్ల మోటారు కాలిపోయినప్పుడు, ఎవరినీ చేబదులు అడగకుండా అదే రోజు కొత్తది బిగించుకోగలిగాము.