నా దగ్గర చేరిన మొదటి మనిషికి జీతం

హైదరాబాద్‌లో కొండాపూర్, నల్లగండ్ల, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో కిటికీల అద్దాలు శుభ్రం చేసే పని నేను ఒక్కడినే మొదలుపెట్టి రెండున్నరేళ్లు దాటింది. మొన్న మే నెలాఖరులో మొట్టమొదటిసారి ఒక మనిషిని పనిలో పెట్టుకున్నాను. మనిషి దొరకడానికి నాలుగు రోజులు పట్టింది గాని, అతనికి డబ్బు ఏ లెక్కన ఇవ్వాలో తేల్చుకోవడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. రోజు కూలీ, కిటికీకి ఇంత, వచ్చిన దాంట్లో వాటా, నెల జీతం అనే నాలుగు పద్ధతులనూ నా పాత లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని చూశాను. ఇలాంటి చిన్న పని నడుపుకుంటూ మొదటి మనిషిని పెట్టుకోవాలనుకునేవారికి పనికొస్తుందేమోనని ఆ ఆలోచనంతా రాస్తున్నాను.

ముందుగా నా పని స్వభావం చెప్పాలి. మూడు పడకగదుల ఫ్లాటులో కిటికీలు, బాల్కనీ అద్దాలు, దోమల మెష్‌లు, స్లైడింగ్ ట్రాకులు అన్నీ కలిపి శుభ్రం చేసినందుకు నేను సగటున 1,800 రూపాయలు తీసుకుంటాను. గత సంవత్సరం మొత్తం 240 ఇళ్లు చేశాను. మనిషి తోడు లేక వదులుకున్న పిలుపులను కూడా పుస్తకంలో వెనుక పేజీల్లో రాసి పెట్టుకునేవాణ్ని, అవి 130 ఉన్నాయి. అయితే ఈ పని ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. దసరా, దీపావళి కలిసి వచ్చిన అక్టోబరులో 31 ఇళ్లు చేసి మరో 19 వదులుకున్నాను. జూలైలో చేసినవి 11 మాత్రమే. వాన పడుతున్నప్పుడు అద్దాలు తుడిపించుకోవాలని ఎవరికీ అనిపించదు, అందులో వాళ్ల తప్పూ లేదు.

అంతకుముందు పని ఎక్కువైన రోజుల్లో లేబర్ అడ్డా నుంచి ఒక మనిషిని తీసుకెళ్లి రోజుకు 800 ఇచ్చేవాణ్ని. కాబట్టి సహజంగానే మొదట రోజు కూలీ పద్ధతే తోచింది. పని ఉన్న రోజు పిలవడం, సాయంత్రం చేతిలో డబ్బు పెట్టడం, లెక్క అక్కడితో తీరిపోవడం నాకు చాలా సులువు. కాని అదే లెక్కను అతని వైపు నుంచి చూస్తే, అక్టోబరులో 25 రోజులకు 20,000 వస్తాయి, జూలైలో 11 రోజులకు 8,800 వస్తాయి. అతని గది అద్దె జూలైలో తగ్గదు. ఆ నెలలో అతను మరో పని చూసుకుంటాడు, చూసుకోవాలి కూడా. దసరా వచ్చేసరికి నేను మళ్లీ కొత్త మనిషికి స్క్వీజీ (అద్దం మీది నీళ్లు లాగే రబ్బరు పట్టీ) పట్టుకోవడం దగ్గర నుంచి నేర్పాలి. ఈ పని చేతికి రావడానికి నాకే మూడు నెలలు పట్టింది గనుక, నేర్పిన పని మనిషితో పాటు వెళ్లిపోతే ఎంత నష్టమో నాకు తెలుసు.

కిటికీకి 40 రూపాయలు చొప్పున ఇస్తే ఎలా ఉంటుందని తర్వాత ఆలోచించాను. నాకు తెలిసిన ఒకరిద్దరు ఇదే పద్ధతిని గట్టిగా సమర్థించారు. ఎంత చేస్తే అంత వస్తుంది కాబట్టి మనిషి ఖాళీగా నిలబడడని వారి వాదన. ఆ మాట నాన్నగారితో ఫోనులో అంటే ఆయన వెంటనే నాట్ల సంగతి ఎత్తారు. మా ఊళ్లో వరి నాట్లు ఎకరానికి ఇంతని గుత్తకు ఇచ్చినప్పుడు మధ్యాహ్నానికే మడి పూర్తయ్యేదని, వారం తర్వాత చూస్తే కుదుళ్లు ఎడమెడంగా పడి మడి పలచగా కనిపించేదని, కూలికి నాటించిన మడిలో అలా ఉండేది కాదని చెప్పారు. "గుత్తకిస్తే గట్టు మీద నిలబడి నువ్వు చూసుకోవాలిరా. చూడలేనివాడు గుత్తకు ఇవ్వకూడదు," అన్నారు.

మా పనిలో కుదుళ్లకు బదులు ట్రాకులు ఉంటాయి. అద్దం తుడవడానికి నాలుగు నిమిషాలు చాలు. అడుగున ఉండే స్లైడింగ్ ట్రాకులో రెండేళ్ల దుమ్ము వాన నీటితో కలిసి మట్టిలా గట్టిపడి ఉంటే, దాన్ని బ్రష్షుతో కదిలించి, గుడ్డతో ఎత్తి, నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలను సన్నని పుల్లతో తెరవడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ రంధ్రాలు మూసుకుపోతే తర్వాతి వానకు నీళ్లు గదిలోకి వస్తాయి. ఇంటివారికి కనిపించేది మెరిసే అద్దమే కాబట్టి, కిటికీకి ఇంతని డబ్బు పుచ్చుకునే మనిషి చేయి ట్రాకు దాకా వెళ్లకపోవడం సహజం.

పైగా కిటికీ కిటికీకీ తేడా ఉంటుంది. నాలుగు నెలల క్రితం ఒకే అపార్ట్‌మెంటులో పన్నెండేసి కిటికీలున్న రెండు ఫ్లాట్లు చేశాను. ఒకటి మూడు గంటల్లో అయిపోయింది. రెండోది గృహప్రవేశానికి ముందు, పెయింటు పని అప్పుడే ముగిసిన ఇల్లు. అద్దాల నిండా పుట్టీ చుక్కలు, పెయింటు చుక్కలు ఉన్నాయి. సబ్బు నీళ్లతో అద్దాన్ని బాగా తడిపి, స్క్రేపర్ బ్లేడును ఏటవాలుగా ఆనించి ఒకే దిశలో ముందుకు తోయాలి. తోసిన బ్లేడును అద్దానికి ఆనించే వెనక్కి లాగితే దాని కింద చిక్కిన ఇసుక రేణువు సన్నని గీత పెడుతుంది, ఆ గీత ఇక పోదు. ప్రతి తోపుకూ బ్లేడును ఎత్తి తుడిచి మళ్లీ పెట్టాలి. ఆ ఇంటికి ఉదయం నుంచి సాయంత్రం ఆరున్నర దాకా పట్టింది. ఆ రెండు ఇళ్లకూ కిటికీ లెక్కన ఒకే డబ్బు ఇస్తే అది న్యాయం అనిపించుకోదు.

ఇవన్నీ ఒక ఎత్తయితే, ఆ పద్ధతిని నేను పూర్తిగా వదిలేయడానికి కారణం వేరే ఉంది. స్లైడింగ్ కిటికీలో బయటి అద్దం వెలుపలి వైపు శుభ్రం చేయాలంటే రెండు మార్గాలున్నాయి. ఇద్దరు కలిసి షట్టరును ట్రాకు నుంచి పైకి ఎత్తి గదిలోకి దించుకోవడం ఒకటి, దానికి ఐదారు నిమిషాలు పడుతుంది. కిటికీ అంచు మీదికి ఎక్కి, ఒక చేత్తో ఫ్రేము పట్టుకుని, భుజం దాకా బయటికి వంగి తుడవడం రెండోది, దానికి ఒక నిమిషం పడుతుంది. తొమ్మిదో అంతస్తులో నిలబడ్డ మనిషికి నేను కిటికీకి ఇంతని డబ్బు ఇస్తున్నానంటే, ఆ ఐదు నిమిషాలు మిగుల్చుకోమని నా నోటితో చెప్పకపోయినా నా డబ్బుతో చెబుతున్నట్టే. బెల్టు కట్టుకో, బయటికి వంగకు అని ఎన్నిసార్లు హెచ్చరించినా, నెలాఖరున చేతికొచ్చే మొత్తం దానికి వ్యతిరేకమైన మాట చెబుతుంటే మనిషి ఏది వింటాడో నాకు అనుమానం లేదు. ఆ ఆలోచన వచ్చిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఒంటరిగా చేసిన రోజుల్లో తొందరలో నేనూ అలా వంగినవాణ్నే.

వాటా సంగతి ఎక్కువ సేపు ఆలోచించలేదు. ఇంటివారు బేరమాడితే నేను తగ్గించే రెండు వందల్లో అతని కష్టం కూడా తగ్గిపోతుంది. ఆ బేరంలో అతని మాటకు చోటు ఉండదు. వాటా అన్నది ఇద్దరూ పెట్టుబడి పెట్టి, ఇద్దరూ ధర నిర్ణయించే చోట పెట్టుకోవలసిన పద్ధతి అని నా అభిప్రాయం.

ఇక నెల జీతమే మిగిలింది. నెలకు 18,000 అనుకుని లెక్క వేశాను. కార్మిక శాఖ ప్రకటించే కనీస వేతనం కన్నా అది తక్కువ కాకుండా చూసుకోవాలి. తెలంగాణలో కరువు భత్యాన్ని బట్టి ఆ అంకెలు ఏడాదికి రెండుసార్లు మారుతుంటాయి కాబట్టి ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ మళ్లీ చూసుకోవాలని పుస్తకంలో రాసుకున్నాను. 18,000 చొప్పున ఏడాదికి 2,16,000 అవుతుంది. ఇద్దరం కలిసి, నేను వదులుకున్న 130 ఇళ్లూ చేయగలిగితే అదనంగా వచ్చేది 2,34,000. ఆ ఇళ్లకు పెట్రోలు, గుడ్డలు, సబ్బు, చివరి కడుగుకు వాడే ఆర్వో నీళ్ల క్యాన్లు (బోరు నీళ్లతో కడిగితే ఆరగానే తెల్లని ఉప్పు మరకలు తేలుతాయి) కలిపి ఇంటికి వంద చొప్పున 13,000 పోతాయి. మిగిలేది ఐదు వేలు. అంటే మొదటి సంవత్సరం నా సంపాదన పెరగదన్నమాట. ఆ అంకె చూసి మా ఆవిడ, "మరి వానల్లో జీతం ఎక్కడి నుంచి తెస్తారండీ?" అని అడిగింది. చాలా సరైన ప్రశ్న.

అదే రోజు కూలీ అయితే, పని ఉండే 215 రోజులకు 1,72,000 ఇస్తే సరిపోతుంది. రెండింటికీ తేడా 44,000. చాలా రోజులు నేను ఆ అంకె చుట్టూనే తిరిగాను. అది వానాకాలం ఖరీదు. ఆ వాన నా చేతుల్లో లేదు, అతని చేతుల్లోనూ లేదు, కాబట్టి ఆ ఖరీదు ఎవరో ఒకరు భరించాలి. దసరా నెలలో వచ్చే లాభం అంతా నాదైనప్పుడు జూలై నష్టం అతని మీద వేయడం నాకు ఎంతమాత్రం సబబుగా కనిపించలేదు. ఆ సంగతి తేలాక మా ఆవిడ ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. మూడు నెలల జీతం, అంటే 54,000, వేరే బ్యాంకు ఖాతాలో వేసి, అది నిండిన తర్వాతే మనిషిని పెట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో కొత్త బండి కొనాలని దాచిన డబ్బు అందులోకి వెళ్లింది.

పనిలో చేరిన అబ్బాయి నారాయణపేట జిల్లా నుంచి వచ్చి బోరబండలో మరో ముగ్గురితో కలిసి గదిలో ఉంటున్నాడు. అంతకుముందు ఒక ఆఫీసు భవనంలో కాంట్రాక్టరు కింద హౌస్‌కీపింగ్ చేశాడు. జీతం మాట్లాడుకునే రోజున నేను నా లెక్కలన్నీ చెప్పబోతే అతను ఆపి, "అన్నా, మీరు ఎంత ఇస్తరో అంతే ఇయ్యండి గానీ తారీఖు మాత్రం తప్పొద్దు. అయిదో తారీఖు బండి ఈఎంఐ కట్ అయితది," అన్నాడు. పాత చోట జీతం పదో తారీఖున ఒకసారి, పద్దెనిమిదిన ఒకసారి పడేదట. ఖాతాలో డబ్బు లేక బ్యాంకు వేసిన జరిమానాలు అతని ఫోనులో మెసేజీలుగా ఇంకా ఉన్నాయి, చూపించాడు. రెండు నెలలు నేను ఎంత అన్న దాని గురించే ఆలోచించాను గాని ఎప్పుడు అన్నది నాకు తట్టనేలేదు.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తారీఖు దాటకూడదు, రోజు కూలీ ఆ రోజు పని ముగియగానే ఇవ్వాలి, మనిషి పని మానేస్తే రెండు పని దినాల్లో లెక్క తేల్చాలి. అతనికి ఏడో తారీఖు కూడా ఆలస్యమే కాబట్టి మేము ఒకటో తారీఖు అనుకున్నాం. ఈఎస్ఐ (కార్మికుల వైద్య, ప్రమాద బీమా) పది మంది, పీఎఫ్ (భవిష్య నిధి) ఇరవై మంది ఉన్న సంస్థలకు తప్పనిసరి అవుతాయి గనుక నాకు ఇప్పుడు వర్తించవు. అవి లేవు కాబట్టే ప్రమాదం సంగతి నేనే చూసుకోవాలి. ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో అతన్ని చేర్పించడంతో పాటు, అది ఏ మూలకూ సరిపోదు కాబట్టి విడిగా ఒక ప్రమాద బీమా పాలసీ కూడా నా ఖర్చుతో తీసుకున్నాను.

అద్దం పగిలినా, గీత పడినా అతని జీతంలో కోయను. జరిగిన నష్టానికి మించకుండా, మనిషి చెప్పేది విన్న తర్వాత కొంత కోసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది గాని, కోత భయం ఉన్నవాడు గీత పడిన సంగతి దాచిపెడతాడు, ఇంటివారు చూసి చెప్పేదాకా నాకు తెలియదు. దాని బదులు నెలకు 500 పగుళ్ల ఖాతాలో నేనే వేస్తున్నాను. ప్రయాణంతో కలిపి ఎనిమిది గంటల పని. అది దాటితే గంటకు రెట్టింపు. 18,000ను 26 రోజులకూ ఎనిమిది గంటలకూ భాగిస్తే గంటకు 86 రూపాయల 54 పైసలు వస్తుంది కాబట్టి అదనపు గంటకు 175 అనుకున్నాం. ఇంటివారు ఇచ్చే టిప్పు అతనిదే. పని చూడడానికి మొదట పిలిచిన మూడు రోజులకూ రోజుకు 800 ఇచ్చాను, ట్రయల్ పేరుతో ఊరికే చేయించుకోవడం తప్పని నా నమ్మకం. ఆదివారాలే మాకు రద్దీ కాబట్టి సెలవు మంగళవారం పెట్టుకున్నాం. మంగళ, శుక్రవారాల్లో బూజు దులపకూడదనే పట్టింపు ఉన్న ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి, ఆ రోజు పిలుపులు ఎలాగూ తక్కువ. ఇంటివారితో మాట్లాడి, పని చూసి ధర చెప్పి, ఒక ఇంటిని తానే నడిపించగలిగిన రోజున జీతం 20,000 అవుతుంది. ఆరు నెలలకు ఆ సంగతి ఇద్దరం కూర్చుని చూస్తాం.

ఇవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి రెండు ప్రతులు తీశాను. అతను మొదటి నుంచి చివరి దాకా నిదానంగా చదివి, వాన వల్ల పని లేని రోజు తాను ఏం చేయాలో ఇందులో లేదని అన్నాడు. జీతం ఇస్తానని రాశాను గాని ఆ రోజు రావాలో వద్దో రాయలేదు. ఇంట్లో కూర్చుని జీతం తీసుకుంటే మాట పడుతుందేమోనని అతని బెరుకు. అలాంటి రోజుల్లో మధ్యాహ్నం దాకా మా ఇంటికి వచ్చి, గుడ్డలు ఉతికి, స్క్వీజీల రబ్బర్లు మార్చి, బెల్టుల కుట్లు, హుక్కులు ఒక్కొక్కటీ పరీక్షించాలని కింద చేత్తో ఒక వాక్యం కలిపాము. దాని పక్కన ఇద్దరం సంతకాలు చేశాము. ఒక ప్రతి అతను నాలుగు మడతలు పెట్టి ఫోను కవరులో పెట్టుకున్నాడు. జూన్ జీతం జూలై ఒకటిన ఉదయం ఎనిమిదింటికి అతని ఖాతాలో వేశాను. ఆ రోజు వాన పడుతోంది, అతను మా వరండాలో రబ్బర్లు మారుస్తున్నాడు.