దగ్గు లేనివాళ్ల లెక్క

మొన్న ఒక స్నేహితుడు పేపర్ క్లిప్పింగ్ ఫొటో తీసి పంపాడు, జిల్లాలో టీబీ కేసులు పెరిగాయట, కింద రెండు ఏడుపు ఎమోజీలు. నాకేమో తగ్గాయని వార్త వస్తేనే టెన్షన్. 2019లో దేశం మొత్తమ్మీద దాదాపు 24 లక్షల కేసులు నమోదైతే 2020లో 18 లక్షలే నమోదయ్యాయి. ఏడాదిలో ఆరు లక్షల మందికి రోగం రాకుండా పోయిందా? లాక్‌డౌన్‌లో ఆస్పత్రి గడప తొక్కినవాళ్లు లేరు, పరీక్షలు చేసే సిబ్బంది కోవిడ్ డ్యూటీలో పడ్డారు, అంతే. నమోదు లెక్క ఎంతమంది దొరికారో చెబుతుంది గానీ, ఎంతమందికి ఉందో చెప్పదు.

ఉన్నదెంతో తెలియాలంటే ఇంటింటికీ పోవాల్సిందే. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం (టీబీ ఆస్పత్రి) డాక్టర్లు 1950లోనే ఆ పని మొదలుపెట్టారు. ఐదేళ్లపాటు పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో జనానికి ఎక్స్‌రేలు తీశారు, తమ దగ్గరికి వచ్చిన రోగులకే కాదు, మాకేం, బాగానే ఉన్నాం అనేవాళ్లకి కూడా. మన దగ్గర ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, అదే నాకు బాధ.

ఇలా ఊళ్లమీద పడి లెక్క తీస్తే ఒక్కోసారి నమ్మకాలే తలకిందులవుతాయి. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో లక్షల మందితో బీసీజీ (టీబీ రాకుండా వేసే టీకా) ట్రయల్ మొదలైంది. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల టీబీని ఆ టీకా ఆపలేదని తేలింది. బ్రిటన్‌లో బాగా పనిచేసిన టీకానే! ఆ ప్రాంతపు మట్టిలో, నీళ్లలో ఉండే వేరే మైకోబాక్టీరియా (టీబీ క్రిమికి చుట్టాల్లాంటి సూక్ష్మజీవులు) ప్రభావం కావచ్చని ఒక వివరణ ఉంది. చిన్నపిల్లల్ని మెదడు పొరలకి వచ్చే టీబీ లాంటి ప్రమాదకరమైన రకాల నుంచి బీసీజీ కాపాడుతుంది, అందుకే ఇప్పటికీ వేస్తున్నారు, ఇది చదివి ఎవరూ మానేయకండి బాబూ.

ఇలాంటి సర్వే ఒకదాంట్లో నేనూ కొన్ని నెలలు తిరిగాను. అన్నిటికన్నా కష్టం గళ్ల (కఫం) పట్టే డబ్బా దగ్గరే. చేతికి డబ్బా ఇచ్చి "పొద్దున లేవగానే గళ్ల తీసివ్వండి" అంటే, చాలామంది మర్యాదగా ఇంత ఉమ్మి వేసి మూత పెట్టి ఇచ్చేవాళ్లు. ఉత్త ఉమ్మిలో క్రిమి అంతగా దొరకదు. గట్టిగా ఊపిరి పీల్చి లోపల్నించి దగ్గి తీయాలని నేనే వీధిలో నిలబడి దగ్గి చూపించేవాణ్ణి, పిల్లలు చుట్టూ చేరి నవ్వేవాళ్లు. ఆ డబ్బాలో ఏం పడిందన్నదాని మీదే తర్వాతి శాతాలన్నీ నిలబడతాయి.

2019-21 జాతీయ సర్వేలో మూడు లక్షల మందికి పైగా పాల్గొన్నారు. 15 ఏళ్లు దాటినవాళ్లలో లక్షకి 316 మందికి ఊపిరితిత్తుల టీబీ ఉన్నట్టు తేలింది. ఢిల్లీలో 534, కేరళలో 115. ఈ అంకెలు పట్టుకుని మా రాష్ట్రం గొప్పా మీ రాష్ట్రం గొప్పా అని కొట్టుకునే ముందు ఒకటి చూడండి, ఢిల్లీ అంకె 365 నుంచి 704 దాకా ఎక్కడైనా ఉండొచ్చని రిపోర్టే చెబుతోంది. శాంపిల్‌ని రాష్ట్రాలుగా ముక్కలు చేసేకొద్దీ ఈ ఊగిసలాట పెరుగుతుంది, ఇక జిల్లాకి విడిగా అంకె కావాలంటే ఎంతమందిని చూడాలో మీరే ఊహించుకోండి.

నన్ను కుదిపిన అంకె మాత్రం వేరే. ఆ సర్వేలో దొరికిన ఊపిరితిత్తుల టీబీ కేసుల్లో 42.6 శాతం, ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి వదిలేసి ఉంటే దొరికేవి కావు. లక్షణాలు ఉన్నవాళ్లలో కూడా దాదాపు 64 శాతం మంది ఎక్కడా చూపించుకోలేదు. అంటే "రెండు వారాలు దగ్గితే రండి" అని గోడమీద రాసి, వచ్చినవాళ్లనే లెక్కపెట్టుకుంటే తయారయ్యే అంకె ఎలాంటిదో ఆలోచించండి.

మా సర్వేలో ఒకావిడ "నాకు దగ్గే లేదు నాయనా, ఎక్స్‌రే ఎందుకు, అవతల పొయ్యిమీద అన్నం ఉంది" అని వ్యాన్ మెట్టు దగ్గరే ఆగిపోయింది. రెండు నిమిషాలే అమ్మా అని బతిమాలి ఎక్కించాం. కుడివైపు పైన మచ్చ కనిపించింది, గళ్ల పరీక్షలో టీబీ అని తేలింది. ఆ నెల జిల్లా రిజిస్టర్‌లో ఒక కేసు పెరిగింది.